ఆరు ఎర్రంచు సిరాలు

ఈ సంగతి రాసిపెట్టక తప్పదు. మా ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఇది ఇప్పటికే మూడు రకాలుగా తిరుగుతోంది. ఒక రకంలో తప్పు ఫోనుది. ఇంకో రకంలో తప్పు మా వీధి చివరింటి అక్కది. మూడో రకంలో ఆదోనివాళ్లు నన్ను పోలీసులకు పట్టించబోయారు. అసలు జరిగింది నాకు పెద్ద గౌరవం తెచ్చేది కాదు కాబట్టి ఇంకెవరైనా రాస్తారని కొన్నాళ్లు ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు.

ఏడో తరగతితో నా బడి ముగిసింది. ఆ తర్వాతి చదువంతా మా ఊరి గ్రంథాలయంలోనే. పగలు నూలు, రంగులు అమ్మే అంగడి, సాయంత్రం పుస్తకాలు. నిఘంటువును మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివిన మనిషి ఈ ఊళ్లో నేనొక్కణ్ణే అని నా నమ్మకం. కాదన్నవాళ్లు లేరు. అడిగినవాళ్లూ లేరు.

ఫోనూ కంప్యూటరూ అందరికీ ఉపయోగపడాలని పత్రికల్లో చదివి చదివి, ఆదివారాలు గ్రంథాలయం వరండాలో ఫోను పాఠం మొదలుపెట్టాను. మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. ఎవరైనా గంభీరమైన తెలుగులో ‘వెంటనే ధ్రువీకరించండి’ అని మెసేజి పంపితే అది మోసం, ఆ నంబరును బ్లాక్ చేసేయండి. ఈ పాఠం మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

అక్కా, ఆమె భర్తా గుంట మగ్గం మీద చీరలు నేస్తారు. ఇద్దరికీ చదువు రాదు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఒకరింట్లో పెళ్లి కుదిరి, ఆ ఇంటి ఆడవాళ్లంతా ఒకే రకం కట్టుకోవాలని ఆరు ఎర్రంచు చీరలు చెప్పారు. ఒకరోజు పొద్దున అక్క ఫోను పట్టుకొని మా అంగడికి వచ్చింది. ఆ ఇంటి కోడలు పంపిన మెసేజి చదివి వినిపించాను. చీరలు పెళ్లికి ముందే అందుతాయో లేదో సాయంత్రంలోగా చెప్పాలి, లేకుంటే దుకాణంలో కొనుక్కుంటాం, పెళ్లి పనుల్లో ఫోను ఎత్తలేం, మెసేజి పెట్టండి అని ఉంది.

“ఈ బేరం పోతే మా మగ్గానికి పనిలేదప్పా. ఇంకెవురూ సెప్పలేదు,” అంది అక్క. “జవాబు నువ్వు రాయాకు. నాకు నేర్పించు. మాటిమాటికీ ఫోను ఎత్తుకోని నీ అంగడికి రావాలంటే సిగ్గయితాంది.”

నేను ఉప్పొంగిపోయాను. అంగడి మూసి వాళ్లింటికి వెళ్లాను. మాటను అక్షరాలుగా మార్చే గుర్తు చూపించాను. పక్కనే గొంతును ఉన్నదున్నట్టు పంపే గుర్తు కూడా ఉంది. అక్క వేలు అటే పోయింది.

“అది వద్దక్కా. అది చదువుకోనివాళ్ల పద్ధతి. మనం అక్షరాల్లోనే పంపుదాం.”

అక్క ఫోనును నోటి దగ్గర పెట్టుకుని, “ఎర్రంచు సీరలు ఆరు, నేస్తాండాము,” అంది.

ఫోను శ్రద్ధగా రాసింది: ‘ఎర్ర అంచు సిరాలు ఆరు నేస్తం’. నేను చదివి దిద్దేలోపే ఆమె వేలు తగిలి అది ఆదోనికి వెళ్లిపోయింది.

కాసేపటికి జవాబు వచ్చింది: ‘మాకు సిరా ఎందుకు? ఈ ఫోనులో రాస్తున్నది ఎవరు?’

“సీర కాదక్కా. చీర అనాలి. చ.”

“అదే కదప్పా నేను అంటాండేది. సీర.”

“చెప్పు అను.”

“సెప్పు.”

“చాలు.”

“సాలు. నాకు నిజంగానే సాలు.”

మగ్గం గుంటలోంచి ఆమె భర్త తల ఎత్తకుండానే అన్నాడు. “ఆయప్ప డిక్షనరీ మింగినాడు. అది అరిగేదాంకా మనకు తిప్పలే.”

నాకు రోషం వచ్చింది. ఫోను తీసుకుని, ఇన్నేళ్ల చదువూ ధారపోసి నేనే రాశాను: ‘మహాశయులారా, తమరు కోరిన రక్తవర్ణ అంచు గల వస్త్రములు ఆరింటిని గడువులోగా సమర్పించగలము. మీ సమ్మతిని వెంటనే ధ్రువీకరించండి.’

ఆ తర్వాత ఆదోని నుంచి ఉలుకూ పలుకూ లేదు. పంపిన మెసేజీ పక్కన, అందిందని చెప్పే రెండో టిక్కు పడలేదు. ఫోన్ చేస్తే మోగలేదు. బ్లాక్ చేశారు. నా పాఠం నేను ఎన్నడూ చూడని ఆదోని కోడలికి కూడా వచ్చు. గంట తిరక్కముందే సిరా వ్యాపారం వదిలి రక్తవర్ణంలోకి దిగిన మనిషిని ఎవరు నమ్ముతారు?

మధ్యాహ్నం దాటింది. అక్క మగ్గం కర్రకు చుట్టి ఉన్న నాలుగు చీరల వైపు చూసింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

“నా నంబరును మూసేసినారు కదా, నీ ఫోను ఈడియ్,” అంది చివరికి. నేను వద్దన్న గుర్తునే నొక్కిపట్టుకుంది.

“యమ్మా, నేను ఎమ్మిగనూరు మగ్గమామెను. ఉరుకుంద జాతరకు మీ అత్త కట్టుకోని పోయిన పచ్చ సీర నేసింది మేమే. మీ ఎర్రంచువి నాలుగు అయినాయి, రెండు నేస్తాండాము. పెండ్లికి ముందే ఇస్తాము. ఇంతకుముందు వచ్చినవాట్లో ఒకటి ఫోను రాసింది, ఒకటి మా లైబ్రరీ అప్ప రాసినాడు. ఇద్దరికీ బుద్ది లేదు.”

పొద్దు వాలేలోపే ఫోనులో ఒక ముసలి గొంతు నవ్వుతూ పలికింది. కోడలి అత్తగారు. “నువ్వేనా తల్లీ. మగ్గం సప్పుడు, సీర అనే మాట ఇన్నాక నమ్మినాము. నేసి పంపు. ఆ అప్పకు సెప్పు, మాకు వస్త్రములు వద్దు, సీరలే కావాల.”

ఆరు చీరలూ పెళ్లికి ముందే ఆదోని చేరాయి. పెళ్లిలో ఆ అంచు చూసినవాళ్లు ఇంకో రెండు చెప్పారు. మగ్గం ఆగలేదు.

ఇప్పుడు వరండాలో నా మొదటి పాఠం మారింది. గొంతు గుర్తు చూపించి, మీ ఇంట్లో ఎట్ల మాట్లాడతారో అట్లే మాట్లాడండి అంటాను. మోసాల సంగతి రెండో పాఠం. అందులో ఉదాహరణగా నా మెసేజీనే చదివి వినిపిస్తాను. అక్షరాలు నేర్చుకోవాలని అక్క కూడా ఆదివారాలు వస్తోంది. “రాసేటప్పుడు చీర, అనేటప్పుడు సీర. రెండూ నావే,” అని మొన్న పలకమీద రాసి చూపించింది. చ చక్కగా పలికింది. అంటే ఆ రోజు కూడా పలకగలిగేదేనేమో. అడిగే ధైర్యం నాకు లేదు.

సాయం చేసినవాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పడం పుస్తకాల్లో మర్యాద. అక్క ఒప్పుకోలేదు. “పేర్లు రాయాకప్పా. సీరనే సిరా జేసిన ఫోను, నా పేరును ఏం జేస్తాదో.” కాబట్టి మనుషుల్నే తలుచుకుంటాను. నన్ను తిట్టకుండా ఫోను లాక్కున్న అక్కకు, గొంతు విని మనిషిని గుర్తుపట్టిన ఆదోని పెద్దామెకు, నన్ను బ్లాక్ చేసి పాఠం నిలబెట్టిన ఆమె కోడలికి, వరండాలో బెంచీ వేయించిన గ్రంథాలయ అధికారికి, మగ్గం గుంటలోంచి నా అరుగుదల గురించి ఇప్పటికీ ఆరా తీసే బావకు.