బాపు విప్పి చూపిన డ్రాగన్ రెక్క

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ఈ సంగతి కార్వాన్‌లో మా గల్లీ అందరికీ తెలుసు. అమ్మ ఆ సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించి, వచ్చేపోయేవాళ్లకు కనపడేలా వారం రోజులు గుమ్మం పక్కన మేకుకు తగిలించింది మరి. రెండో వార్త దీనికంటే పెద్దది. కానీ అది చెప్పాలంటే ముందు ఒక కోడి రెక్క గురించి చెప్పాలి.

బాపుది చికెన్ షాపు. నేను చదివింది బీకామ్. కానీ ఆ మూడేళ్లూ మనసు పెట్టి నేర్చుకున్నది డిజిటల్ పెయింటింగ్. ఒక సెకండ్ హ్యాండ్ టాబ్లెట్, దాని మీద గీసే పెన్ను, ఫోన్‌లో వీడియోలు, అంతే నా సరంజామా. వేసేవన్నీ లోకంలో లేనివి: రెక్కల సింహాలు, మంత్రగత్తెలు, గాలిలో తేలే కోటలు. బాపు దీన్నంతా ఫోన్ చూడటం కిందే జమకట్టేవాడు.

డిగ్రీ చేతికొచ్చాక, ఊరికి అటు చివరున్న ఒక గేమ్ కంపెనీకి ఇంట్లో చెప్పకుండా దరఖాస్తు పెట్టాను. పరీక్షగా ఒక బొమ్మ వేయమన్నారు: కోట గోడ మీద వాలుతున్న డ్రాగన్. వారం గడువు. అంతా పద్ధతిగానే చేశాను. ముందు అగ్గిపెట్టెంత స్కెచ్‌లు ఇరవై వేసి ఒకటి ఎంచుకున్నాను. రంగు జోలికి పోకుండా బొమ్మంతా నలుపు తెలుపుల్లో తేల్చాను. వెలుగునీడలు కుదిరితే రంగు దానంతటదే మాట వింటుంది. ఆపైన వేరే లేయర్ మీద రంగులు. లేయరంటే బొమ్మ మీద పరిచిన గాజు పలక అనుకోండి, దాని మీద ఎంత పాడుచేసినా కింది బొమ్మ చెక్కుచెదరదు.

శనివారం జవాబు వచ్చింది. అక్కడి ఆర్ట్ మేడమ్ రాసింది. "రంగులు బాగున్నాయి, వెలుతురు బాగుంది. కానీ ఈ జంతువు ఎగరగలిగేలా లేదు. రెక్కలు సరిచేసి సోమవారం సాయంత్రంలోగా పంపండి. ఏ ఫొటోలు చూసి వేశారో అవి కూడా జతచేయండి." ఇదే ఆఖరి అవకాశమని చివర్లో మర్యాదగా చెప్పింది.

ఎగరలేదని ఆమెకెలా తెలుసన్నది నా కడుపుమంట. డ్రాగన్‌ని ఆమె మాత్రం ఎక్కడ చూసింది?

ఆదివారం పొద్దున టాబ్లెట్ చంకలో పెట్టుకునే బాపుకి టిఫిన్ తీసుకుపోయాను. షాపు ముందు లైను రోడ్డు దాకా ఉంది. టాబ్లెట్ బల్ల మీద పెట్టగానే బాపు చూపు దాని మీద పడింది.

"ఇదేంది బిడ్డా?"

"డ్రాగన్, బాపు."

"ఎంత తూగుతది?"

"ఏమో. ఏనుగంత ఉంటదేమో."

బాపు కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వంగి చూశాడు. నేను పుట్టకముందు నుంచి పక్షుల్ని చేత్తో పట్టి బరువు చెప్పే మనిషి.

"రొమ్ము ఏది?"

"ఏం రొమ్ము బాపు?"

"గంత బరువు గాలిల లేపాలంటే రొమ్ముల కండ ఉండాలె గద. గిది కుక్క ఛాతి. వీపుకు రెక్కలు అతికిచ్చినవ్. బడికి పోయే పోరగాడు సంచి ఏసుకున్నట్టుంది."

సోమవారంలోగా దీన్ని సరిచేయకపోతే ఉద్యోగం పోతుందని అప్పుడు బాపుకి చెప్పాను. ఉద్యోగమనేది ఒకటుందని చెప్పిందీ అప్పుడే.

"ఉద్యోగమా? గీ బొమ్మకా?"

"అవును బాపు."

లైనులో ముందున్న చాచా మెడ సాచాడు. మా షాపుకి ప్రతి ఆదివారం వచ్చే పెద్దాయన. "క్యా హై భాయ్ యే? మగర్‌మచ్ కు పర్ లగాయే క్యా?" మొసలికి రెక్కలు పెట్టారా అని.

"బిడ్డ పరీక్ష, చాచా. రెక్క తప్పొచ్చిందంట," అన్నాడు బాపు. అని, బాయిలర్ కోళ్లను వదిలేసి, పళ్లెంలో శుభ్రం చేసి పెట్టిన నాటుకోడిని తీశాడు.

"రెక్కను కొట్టేది రెక్క కాదు బిడ్డా, రొమ్ము." పడవ అడుగులా పొడుచుకొచ్చిన నడిమి ఎముకను వేలితో చూపించాడు. దానికి రెండు పక్కలా దిట్టంగా కండ.

చాచా ఊరుకోలేదు. "అరె, నీ బాయిలర్ కోడికి ఇంత రొమ్ముంది. అదెందుకు ఎగరదు?"

"దానికేం ఫికర్ చాచా. దాణా కాళ్లకాడికే వస్తది. ఎగిరి ఏడికి పోవాలె?"

తర్వాత రెక్క దగ్గరికి వచ్చాడు. భుజం, మోచెయ్యి, మణికట్టు, అన్నీ మన చేతిలాగే. ఎక్కడో ఒక నరం పట్టి గుంజాడు. ముడుచుకున్న రెక్క మొత్తం విసనకర్రలా విచ్చుకుంది.

"మోచెయ్యి తెరిస్తే మణికట్టు దానంతటదే తెరుస్తది. నీ దానికి మోచెయ్యే లేదు. పాపం, వాలినంక రెక్కలు ఏడ పెట్టుకుంటది?"

నేను ఫొటోల మీద ఫొటోలు తీస్తున్నాను. వెనక నుంచి ఎవరో అడిగారు. "అన్నా, నా బోన్‌లెస్ ఏమాయె?"

"ఆగు భాయ్. డ్రాగన్ ఆర్డర్ నడుస్తుంది."

లైనులోంచి ఒక్కరూ పోలేదు. ఇద్దరు తోక సన్నగా ఉందని అభిప్రాయపడ్డారు.

ఇంటికొచ్చి పాత డ్రాగన్‌ని పొగలా పలచబరిచి, దాని మీద కొత్త లేయర్లో ఎముకలు గీశాను. ముందు రొమ్ము ఎముక, తర్వాత కండ, ఆ తర్వాతే రెక్క. కోడి కాలి ఫొటోతో టాబ్లెట్‌లోనే ఒక బ్రష్ తయారుచేశాను. పెన్ను ఒకసారి లాగితే చాలు, వరసగా పొలుసులు పడతాయి. అలాగని ఒళ్లంతా వేయకూడదు. వెలుగు నీడలోకి తిరిగే చోట నాలుగు వేస్తే, మిగతావి చూసేవాళ్ల కన్నే పూరించుకుంటుంది.

సోమవారం పొద్దున అమ్మకి చూపించాను. చాలాసేపు చూసింది.

"మంచిగుంది. గని ఇది వాలుతున్నదా, కొక్కేనికి యాలాడుతున్నదా?"

నిజమే. రంగులు కూడా ఆ ఫొటోల్లోంచే ఎత్తుకున్నాను. స్కిన్‌లెస్ డ్రాగన్ ఒకటి కోట గోడ మీద మసాలా కోసం ఎదురుచూస్తోంది. మధ్యాహ్నమంతా దానికి తోలు కప్పడంతోనే సరిపోయింది. నీడల్లో చల్లటి నీలం, ఒంటి అంచున సాయంత్రపు ఎండగీత. ఎండ వెనక నుంచి పడితే చెవితమ్మె ఎర్రగా వెలుగుతుంది కదా, రెక్క పొరని అలా వెలిగించాను. చివరికి బొమ్మని అద్దంలోలా కుడిఎడమలు తిప్పి చూశాను. అలా తిప్పితే, రోజంతా అలవాటైపోయిన కంటికి కూడా తప్పులు దొరుకుతాయి. ఒక కన్ను జారిపోయి ఉంది, ఎక్కించాను.

ఫొటోలు జతచేసేటప్పుడు చెయ్యి ఆగింది. మిగతావాళ్లు గద్దలవీ, మ్యూజియం అస్థిపంజరాలవీ పంపుతారు. నావాటిలో బాపు చేతులు, కత్తి, మొద్దు, మూలన చాచా గడ్డం. కత్తిరిద్దామనుకున్నాను. కానీ బాపు వేలు తీసేస్తే ఏ కండ గురించి చెప్తున్నాడో తెలీదు. అలాగే పంపేశాను.

బుధవారం మేడమ్ ఫోన్ చేసింది.

"రెక్కలు కుదిరాయి. ఫొటోల్లో ఆ చేతులెవరివి?"

"మా బాపువి, మేడమ్. మాకు చికెన్ షాపుంది."

"మా వాళ్లు వాటిని ప్రింట్ తీసి గోడకి అంటించుకున్నారు. నువ్వు ఒకటో తారీఖు నుంచి వచ్చెయ్."

ఇదీ రెండో వార్త. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా షాపుకి ఉరికాను. బాపు అంతా విని, తల ఊపి, చేతిలో ఉన్న కోడిని పూర్తిచేసి కట్టిచ్చాకే మాట్లాడాడు.

"ముందుగాల ఏం గీయమన్నరు?"

"ఆరు కాళ్ల గుర్రమంట, బాపు."

బాపు ముఖం వాడిపోయింది. "గుర్రం నాకు తెల్వదు బిడ్డా."

తెల్వదనే మాట బాపు నోట వినడం నాకు అదే మొదటిసారి. పరవాలేదు, ఫొటోలు దొరుకుతాయి అన్నాను. బాపు వినలేదు. చేతులు తడిగా ఉన్నాయని జేబులోంచి ఫోన్ నాతో తీయించి, నంబరు నొక్కించాడు. అది పెళ్లి బరాత్‌లకు గుర్రాలు తోలే ఆయనది.

"అన్నా, రేపు పొద్దుగాల నీ గుర్రం ఖాళీగుంటదా? మా బిడ్డకు ఆఫీసు పనుంది." అవతలి మాట విన్నాడు. "లేదన్నా, పెండ్లి కాదు. కాళ్లు చూడాలె."