డాక్టరు బొమ్మకి మరిస్వామి పెట్టిన ముగింపు

మా టెంటు సినిమాలో ఆపరేటరు మరిస్వామి అంటే యజమానికి కూడా హడలే. తిపటూరు చుట్టుపక్కల ఇరవై ఏళ్ళు ఊరూరా డేరా వేసుకుని తిరిగాం మేమిద్దరం. అతను మిషను దగ్గర, నేను గేటు దగ్గర. ఆలస్యమైంది, ఓ పాట ఎగరగొట్టరా అని యజమాని బతిమాలితే, "తీసినవాడు తెలివితక్కువవాడా? ఒక్క అడుగు రీలు కూడా ఎగరగొట్టను. కావాలంటే నన్ను తీసెయ్" అనేవాడు. ఆ పొగరు భరించలేక వారానికోసారైనా నేను అతనితో మాటలు మానేసేవాణ్ణి. రాగిముద్ద వండేది అతనే కనక, ఆకలేసేసరికి మళ్ళీ నేనే పలకరించేవాణ్ణి.

డెబ్బై ఎనిమిదిలో మా డేరాలో డాక్టరు బొమ్మ పడింది. గుండెజబ్బు పిల్లని డాక్టరు ప్రేమిస్తాడు. చివరి రీల్లో ఆపరేషను బల్ల మీద ఆ పిల్ల అతని చేతుల్లోనే పోతుంది. ఊరంతా విరగబడి చూసింది. ఎనిమిది రోజులకే జనానికి మాటలన్నీ కంఠతా వచ్చేశాయి. అసలు మా డేరాలో నోరు మూసుకుని బొమ్మ చూసిన మనిషే లేడు. డాక్టరు నాడి పట్టుకుని "నీకేం కాదు" అనబోతే చాలు, "అబద్ధం! చచ్చిపోతావే తల్లీ!" అని ఆడవాళ్ళ వైపు నుంచి కేకలు.

తొమ్మిదో రోజు పొద్దున్నే పిండిమర దొడ్డయ్య వచ్చాడు. తలా మీసాలూ అంతా రాగిపిండి. అతని కూతురు జయశీలకి నిజంగానే గుండెలో రంధ్రం. పంతొమ్మిదేళ్ళ పిల్ల. బెంగళూరులో ఆపరేషనుకి రోజు కూడా ఇచ్చారు. తీరా బయల్దేరే వేళకి పిల్ల రానని మొండికేసింది.

"అరసీకెరె నుంచి దాని మేనత్త వచ్చి, బొమ్మలో పిల్ల బల్ల మీదే పోయిందని చెప్పిపోయింది. దాని నోరు పడిపోను! నేనేమో లేదు, బతికిందని చెప్పేశాను. 'నా కళ్ళతో చూస్తా అప్పా, బతికితేనే వస్తా' అంటోంది. ఈ సాయంత్రం తీసుకొస్తా. మరిస్వామీ, ఒక్క ఆటకి దాన్ని బతికించయ్యా" అన్నాడు దొడ్డయ్య.

అయిపోయింది, ఇప్పుడు తిట్లు మొదలవుతాయి అనుకున్నాను. మరిస్వామి నములుతున్న వక్కాకు ఉమ్మేసి వచ్చాడు.

"ఆపరేషను చేయించకపోతే?"

"ఏడాది కూడా కష్టమన్నారు."

"తీసుకురా" అన్నాడు మరిస్వామి.

మధ్యాహ్నమంతా రీళ్ళు ముందేసుకుని కూర్చున్నాడు. తొమ్మిదో రీల్లో ఆ పిల్ల కలగనే పెళ్ళిపాట ఒకటుంది. ఆ పాటని అక్కణ్ణించి తీసి దాచి, ఆపరేషను మొదలవగానే మిగతా రీలు ఎగరగొట్టి, దాన్ని వేసి, వెనకాలే శుభం కార్డు వేసేయాలని లెక్క.

"ఒరే హొన్నప్పా, బొమ్మ సంగతి నేను చూసుకుంటా. జనం నోళ్ళ సంగతి నువ్వు చూసుకో" అన్నాడు నాతో. తేలికపని తనకీ, చచ్చే చాకిరీ నాకూ!

సాయంత్రం గేటు దగ్గర ఒక్కొక్కరినీ ఆపి చెప్పాను. "ఇవాళ ఆ పిల్ల బతుకుతుంది. దొడ్డయ్య కూతురు కోసం. నోరు విప్పావో, డేరా ఎత్తేదాకా నీకు గేటు బంద్!"

"ముందు నీ నోరు మూసుకో మామా, ఊరవతలకి వినబడుతోంది" అంది శనక్కాయలమ్మే కాళమ్మ.

బొమ్మ మొదలైంది. జయశీల ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుంది. నమ్మండి, ఒక్క ఈల లేదు, ఒక్క కేక లేదు. డాక్టరు తన మాటలు తనే చెప్పుకున్నాడు పాపం, మొట్టమొదటిసారి. ఆపరేషను దీపాలు వెలిగాయి. తెర నల్లబడింది. పెళ్ళిపాట మొదలైంది. హమ్మయ్య అనుకుంటుండగానే డాక్టరు తల్లి అక్షింతలు పట్టుకుని చక్కా వచ్చేసింది. పదకొండో రీల్లో అందరి కళ్ళ ముందూ ఆవిణ్ణి చితి మీద కాల్చారు కదా! అంత పెద్ద ఆపరేటరూ ఆవిణ్ణి మరిచిపోయాడు.

"అయ్యయ్యో, ఈవిణ్ణి ఇందాకే..." అని ముసలి బొమ్మేగౌడ లేవబోయాడు. అతని భార్య గుప్పెడు శనక్కాయలు అతని నోట్లో కుక్కింది. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. డేరా అంతా అందుకుంది.

ఆట విడిచాక జయశీల తిన్నగా మిషను గదికి వచ్చింది.

"అన్నా, ఆపరేషను పిల్లకి చేస్తే అత్తగారు కూడా బతికిందేం?"

మరిస్వామి మిషను తుడుస్తున్నట్టు నటించాడు. "పెద్ద డాక్టరు కదమ్మా" అన్నాడు.

ఆ పిల్లకి నవ్వు ఆగలేదు. ఆయాసమొచ్చి రీళ్ళ పెట్టె మీద కూలబడింది. "మేనత్త చెప్పిందే నిజం. పోయింది కదూ?" అంది కాసేపటికి. మరిస్వామి తుడిచిన మిషన్నే మళ్ళీ తుడిచాడు.

"ఈ జనం నోరు మూసుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదన్నా. మూడు గంటలు! నేను ఇంతమందికి కావాలని నాకు తెలీదు" అంది. కళ్ళు తుడుచుకుని లేచింది. "అప్పకి చెప్పండి, రేపు పొద్దున బస్సుకే పోదామని."

వాళ్ళు వెళ్ళారు. ఇక్కడ మరిస్వామి మనిషి మనిషిలా లేడు. కొత్త బొమ్మకి నాలుగో రీలు కంటే ముందు అయిదో రీలు వేశాడు. ముద్ద మాడ్చాడు. "పోనన్న పిల్లని నేనే పంపానురా. ఏదైనా అయితే నేను ఎలా బతకాలి?" అన్నాడు. మాడిన ముద్దే నేను తిట్టకుండా తినేశాను.

ఆపరేషను రోజు సాయంత్రం, మొదటి ఆట నడుస్తుండగా, పోస్టుమాస్టరే స్వయంగా టెలిగ్రాం పట్టుకుని గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. నేను దాన్ని మరిస్వామికి అందించాను. చదివాడు. ఇరవై ఏళ్ళలో ఎన్నడూ నడిమధ్యలో బొమ్మ ఆపనివాడు, మంచి ఫైటు మధ్యలో మిషను ఆపేశాడు. జనం అమ్మనా బూతులు అందుకున్నారు. ఊళ్ళో ఆవు తప్పిపోయినా మేం గాజుపలకకి మసి పూసి, ఆ కబురు మేకుతో గీకి, తెర మీద వేసేవాళ్ళం. అలాంటి పలక ఒకటి తీసి వంకరటింకరగా గీకి వేశాడు. "జయశీల బతికింది."

డేరా అంతా వెనక్కి తిరిగి మిషను గది వైపు చూసింది.

"ఒరే మరిస్వామీ!" అని లేచాడు బొమ్మేగౌడ. "ఇదైనా అసలుదేనా, మళ్ళీ రీలు మార్చావా?"

మరిస్వామి బయటికొచ్చి టెలిగ్రాం ఎత్తి చూపించాడు.

"అసలుదేరా ముసలోడా, అసలుదే!" అంటూనే ఆ మొండివాడు అంతమంది ముందు భోరున ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.