బాగున్న మోటారు

పడమర దిక్కున నల్లమబ్బు పట్టిందంటే గిద్దలూరు బజారులో అందరూ దుకాణాల ముందుకొచ్చి నిలబడతారు. నేను మాత్రం లోపలే కూర్చుంటాను. నేను బోరు మోటార్లు రిపేరు చేసేవాడిని. ఎండలు ముదిరి, నీళ్లు అడుగంటి, మోటార్లు కాలిపోతేనే నాకు పని. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కూర్చుని అన్నం తినే తీరిక ఉండదు. ఒక్క మంచి వాన పడిందా, ఫోను మోగడం మానేస్తుంది.

నాయన రాచర్ల దగ్గర మా ఊళ్లో సేద్యం చేస్తాడు. కాస్త బత్తాయి తోట ఉంది. ఆయనకు వాన కావాలి, నాకు ఎండ కావాలి. ఇద్దరం ఒకే ఇంట్లో పక్కపక్కన కూర్చుని అన్నం తింటాం. బోరులో ఇరుక్కున్న మోటార్లను నేను చాలా చూశాను. గట్టిగా లాగితే పైపు తెగుతుంది, వదిలేస్తే బోరే పోతుంది. ఏళ్ల తరబడి నా బతుకూ అట్లాగే ఉంది.

ఊరికే ఏమీ కూర్చోలేదు. వానాకాలంలో ఫ్యాన్లు, మిక్సీల రిపేర్లు పట్టాను. అవి ఇల్లు గడవడానికి చాలలేదు. వానలప్పుడే మోటారు పైకి తీసి సర్వీసు చేయించుకుంటే ఎండాకాలంలో కాలదని ఊరూరా తిరిగి చెప్పాను. అందరూ నవ్వారు. నడిచే మోటారును ఎవడైనా పీకుతాడా అని ఒక మామ అడిగాడు. ఆయనను అనడానికి నాకు నోరెక్కడిది? మా తోట మోటారునే నేను ఎన్నడూ పైకి తీయలేదు.

ఒక ఏడాది మే నెలలో అది కాలింది. నాయన చెప్పగానే రేపు తోటకు వస్తానన్నాను. అప్పుడు రోజుకు మూడు ఊళ్లు తిరుగుతున్నాను. వానలు పడేలోపే నాలుగు రాళ్లు వెనకేసుకోవాలన్న ఆత్రం. పరాయివాళ్లు అరుస్తారు, నాయన అరవడు. అందుకే ఆయన వంతు రేపటికి, మళ్లీ రేపటికి జరిగిపోయింది. పన్నెండో రోజు తోటకు వెళ్లేసరికి బత్తాయి ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. నాయన బిందెతో ఒక్కో చెట్టు మొదట్లో నీళ్లు పోస్తున్నాడు. నాకు సిగ్గేసింది. సిగ్గేసి, గట్టిగా ఎందుకు అడగలేదని ఆయన మీదే విసుక్కున్నాను.

"నీ సీజను గదా," అన్నాడు, అంతే.

మోటారు పీకి తీసుకెళ్లి, కొత్త తీగ చుట్టి వైండింగు చేసి, మూడో రోజు బోరులోకి దించాను. ఆ సాయంత్రం ఊళ్లో ఆడవాళ్లు కప్పతల్లిని తీసుకొచ్చారు. రోకలికి వేపమండలతో పాటు ఒక కప్పను కట్టి ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటివాళ్లూ దాని మీద నీళ్లు పోసి వాన అడగాలి. అమ్మ నిండు చెంబు నా చేతికిచ్చింది. నా చెయ్యి ఆగిపోయింది. ఇంకో పదిహేను రోజులు వాన రాకుంటే బాగుండు అనిపించింది. ఎండిన తోట చూసి నాలుగు రోజులైనా కాలేదు, అయినా అనిపించింది. కాసిన్ని పోసి చెంబు దించబోయాను. వెనక నుంచి నాయన మెల్లగా అన్నాడు.

"నిండా పొయ్‌రా. నీ సంగతి వాన పడినాక చూద్దాం."

చెంబు ఖాళీ చేశాను.

జూన్ చివర్లో వాన పడింది. తోటలో సగం చెట్లు బతికాయి. నా ఫోను మోగడం ఆగిపోయింది. నాలుగో రోజు దుకాణం ముందు ఒక ఆటో ఆగింది. నాయన దిగి, గోనెసంచి చుట్టిన మోటారు ఒకటి దించాడు. చూస్తే మాదే. మళ్లీ కాలిందా అని అడిగాను.

"ఏమీ కాలే. బాగనే నడుస్తుండె. వానల్లో సర్వీసు చేపియ్యాలని అందరికీ చెప్తివి గదా. చెయ్యి."

నలుగురు మనుషులను పెట్టి పైకి లాగించాడట. అందులో చేయడానికి ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. నెల కిందట వైండింగు చేసింది నేనే. వద్దని తిప్పి పంపలేను, సంతోషంగా తీసుకోనూలేను. ఆయన బెంచీ మీద కూర్చుని ఇద్దరికీ టీ చెప్పాడు. నేను పానా తీసుకుని నట్లు విప్పడం మొదలుపెట్టాను. బయట మళ్లీ చినుకులు పడుతున్నాయి. ఏడాదంతా ఆ చినుకుల కోసమే ఎదురుచూసే నాయన వాటి వైపు చూడలేదు. నా చేతుల వైపే చూస్తూ కూర్చున్నాడు.