ఒంటిగంట వార్తల ఇర్ఫానా

ఇర్ఫానా చదవందే ఆదోనిలో ఎవరూ చచ్చేవాళ్లు కాదు. నమ్మనివాళ్లు ఊరికి కొత్తవాళ్లయినా అయ్యుండాలి, ఇంట్లో కేబుల్ కనెక్షన్ లేనివాళ్లయినా అయ్యుండాలి. ప్రాణం పొద్దున్నే పోతే పోవచ్చు, డాక్టరు నాడి చూసి పెదవి విరిస్తే విరవచ్చు. ఒంటిగంట వార్తల చివర ఇర్ఫానా ఒక్క క్షణం తల వంచి, మళ్లీ ఎత్తి, "కన్నుమూశారు" అన్నాకే ఆ మనిషి పోయినట్టు లెక్క. అంతదాకా బంధువులు బస్సెక్కరు, పాడెకు వెదురు కొట్టరు. ఒకసారి కరెంటు పోయి కోసిగిలో పొద్దున పోయిన ముసలాయన ఒకాయన పేరు వార్తల్లో రాలేదు. ఆయన మర్నాడు ఒంటిగంట దాకా మంచం మీద కూర్చొని బీడీ కాల్చుకుంటూ కాలక్షేపం చేశాడని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అంతటి మనిషి పుట్టింది ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో. తండ్రి అబ్బాస్ అలీ నేతగాడు, ఆమె పలక పట్టిన ఏడాదే పోయాడు. తల్లి కుల్సుంబీ చుట్టుపక్కల మగ్గాలకు నూలు కండెలు చుట్టిపెట్టి, ఆ చేతులతోనే కూతుర్ని ఆదోనిలో డిగ్రీ దాకా చదివించింది. కాలేజీ వాళ్లు ఒక శ్రావణమాసంలో పిల్లల్ని ఉరుకుంద ఈరన్న తిరునాళ్లకు వాలంటీర్లుగా పంపితే, ఇర్ఫానాను తప్పిపోయినవాళ్ల పేర్లు చదివే డేరాలో మైకు ముందు కూర్చోబెట్టారు. ఆ గొంతు ఎలాంటిదంటే, తప్పిపోయిన పిల్లలు వచ్చింది సరే, తప్పిపోని పిల్లలు కూడా అమ్మల చేతులు విడిపించుకుని వచ్చి డేరా ముందు వరుసలో నిలబడ్డారు.

ఆ వరుస వెనకాలే వచ్చాడు బసన్న. ఆదోనికీ చుట్టుపక్కల ఊళ్లకూ కేబుల్ చానెల్ నడిపేవాడు.

"ఏం పాపా, టీవీలో వార్తలు సదువుతావా?"

"తలమీద కొంగు తీయమంటే రానన్నా."

"కొంగుతో నాకేం పనమ్మా! నాకు గొంతు కావల్ల."

అలా మొదలైంది. మార్కెట్ యార్డులో పత్తి ధర, మున్సిపాలిటీ నీళ్లు ఏ వార్డుకు ఏ పూట, చివర్లో చావులు. చావు వార్తకు డబ్బు తీసుకోకూడదని బసన్న నియమం. తల వంచడం మాత్రం ఇర్ఫానాదే. ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు భయంతో వంచింది, తర్వాత అలవాటైంది.

కుల్సుంబీ మొదట్లో టీవీని గోడవైపు తిప్పి పెట్టింది. కుళాయి దగ్గర ఆడవాళ్లు ఊరుకుంటారా!

"ఏం కుల్సుంబీ, మీ బిడ్డ టీవీలో కూసోని ఊళ్లో మొగోళ్లందరినీ సూస్తాందంట కదా?"

"అది యాడ సూస్తాది? మీ మొగుళ్లే దాన్ని సూస్తాండారు. పోయి వాళ్ల కండ్లు మూసుకోండి."

ఆ మాట అనేసి ఇంటికొచ్చి టీవీని ఇటువైపు తిప్పింది. ఆ తర్వాత ఒంటిగంటకు ఆమె చేతిలో కండె ఆగకుండా ఒక్కరోజు గడవలేదు. కూతురు పేరు చదివితే చాలు, ముక్కూమొహం తెలియని వాళ్ల కోసం కూడా కొంగుతో కళ్లు తుడుచుకునేది. ఒకరోజు అన్నం ముందు పెట్టుకుని అడిగింది.

"నేను పోయిన దినం మసీదు మైకులో ఎవడో మొగోడు సెప్తే సాలదే. నా పేరు నువ్వే సదవల్ల. తల వంచి సదవల్ల."

"అట్లనే అమ్మీ. ముందు అన్నం తిను."

"మాటియ్యి."

ఇచ్చింది.

మొన్నటి ఏడాది బసన్న ఒక కంప్యూటరును, దానితోపాటు హైదరాబాదు కుర్రాణ్ని తెచ్చాడు. ఆ కుర్రాడు ఇర్ఫానాతో ఊళ్ల పేర్లూ, మనుషుల పేర్లూ, అంకెలూ చదివించి ఆమె గొంతును కంప్యూటర్లోకి పట్టాడు. "నీకు జరమొచ్చిన దినం పనికొస్తాదమ్మా" అన్నాడు బసన్న. ఆమె నవ్వుతూ చదివింది. వానాకాలంలో నిజంగానే జ్వరమొచ్చింది. కంప్యూటరు ఆమె గొంతుతోనే చదివింది, ఆమె మొహాన్నే తెరమీద పెట్టింది, కాకపోతే ముక్కు కొంచెం సన్నం చేసి. దేవుడు తీరిగ్గా చేసిన ఆ ముక్కును బాగుచేయడానికి బసన్నకెంత ధైర్యమో! జ్వరం తగ్గింది. చానెల్ నుంచి ఫోను రాలేదు. ఆమే వెళ్లి అడిగితే బసన్న టేబుల్ మీద వేళ్లతో రాస్తూ కూర్చున్నాడు.

"నీ మీద నాకేం కోపం లేదమ్మా. కేబుల్ పెట్టుకునేవాళ్లే లేరు, అందరూ సెల్లు సూసుకుంటాండారు. అది జీతం అడగదు, సెలవడగదు. నేనేం సేయల్ల?"

ఇర్ఫానా ఆదోనిలోనే ఒక బట్టల కొట్టులో చీరలు మడతపెట్టే పనిలో కుదిరింది. తల్లికి చెప్పలేదు. రోజూ అదే బస్సు, అదే అన్నం డబ్బా, అదే "పోయొస్తా అమ్మీ". తల్లి మాత్రం ఒంటిగంటకు టీవీ ముందు కూర్చునేది. సాయంత్రం ఇల్లు చేరిన కూతురి కంచంలో రొట్టె వేస్తూ మెచ్చుకునేది.

"ఈ మధ్య బాగ సదువుతాండావే. దగ్గు లేదు, తడబాటు లేదు. అయితే సావుల కాడ తల వంచడం మర్సిపోతాండావు. పెద్దదానివైనావని పొగరా?"

"మర్సిపోయినా అమ్మీ."

"నా కాడ మర్సిపోవాకు."

ఇర్ఫానా కంచం తీసుకుని కడగడానికి లేచింది.

ఈ చలికాలం ఒక తెల్లవారుజామున, ఫజర్ అజాన్ అవుతుండగా కుల్సుంబీ పోయింది. జబ్బు లేదు, మంచం పట్టలేదు. జనాజా సాయంత్రం అసర్ నమాజు తర్వాత అన్నారు పెద్దలు. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు. ఇర్ఫానాకు మాత్రం ఒకటే ఆలోచన. ఆదోనికి వెళ్లడం కుదరదు. తల్లికి స్నానం చేయించి, కఫన్ గుడ్డ చుట్టి, ఫోనులో తానే చదివి పంపుతుంది. తల వంచి చదువుతుంది. ఎట్లాగైనా వార్తల్లో వేయమని బసన్న కాళ్లయినా పట్టుకుంటుంది. ఇన్నాళ్లు దాచిన అబద్ధానికి అదొక్కటే మందు.

స్నానం ముగిసేసరికే ఒంటిగంట దాటింది. తడి చేతులతో ఫోను కోసం వెతుకుతూ ఉంది. అప్పుడు పక్కింటి గోడ అవతల నుంచి ఆమె గొంతే వినిపించింది.

"ఎమ్మిగనూరు మగ్గాల వీధికి చెందిన కుల్సుంబీ గారు ఈ ఉదయం కన్నుమూశారు. అసర్ నమాజు అనంతరం జనాజా."

దగ్గు లేదు. తడబాటు లేదు. గదిలోని ఆడవాళ్లందరూ గోడవైపు చూశారు, ఇర్ఫానా వైపు చూశారు. పక్కింటి రామమ్మ టీవీ ముందు నుంచి లేచి ఉరికొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఓయమ్మా! నువ్వు ఈడుండావు కదే! ఆడెట్ల సదువుతాండావు? తల్లి సచ్చిపోయిందని అంత సల్లగ ఎట్ల సెప్తివే?"

ఇర్ఫానా పెరట్లోకి వెళ్లి బసన్నకు ఫోను చేసింది.

"అన్నా, మా అమ్మ పేరు నేను సదవల్లన్నా. మాటిచ్చినా."

"నీ గొంతే కదమ్మా! మన ఎమ్మిగనూరు మనిషి సెప్పినాడు, ఇంత దుఃఖంలో నిన్ను కదిలించడం ఎందుకని నేనే దగ్గరుండి వేయించినా. మొదటి పేరు మీ అమ్మదే పెట్టించినా."

"ఇంకోసారి వెయ్యన్నా. ఫోనులో సదివి పంపుతా."

"ఒక సావును రెండుసార్లు ఎట్ల వేస్తామమ్మా? జనం ఇంకొక కుల్సుంబీ పోయిందనుకుంటారు." అతని గొంతులో నిజమైన జాలి ఉంది. కోపగించుకోవడానికి కూడా ఇర్ఫానాకు చోటు దొరకలేదు.

అసర్ తర్వాత మగవాళ్లు జనాజా ఎత్తుకుని సందు దాటారు. ఆడవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. రామమ్మ మాత్రం ఇంట్లోకి వచ్చి, ఖాళీ అయిన చాప పక్కన కూర్చుంది. ఇర్ఫానా కొంగు సర్దుకుని, కెమెరా ఉన్నట్టే గోడకు ఎదురుగా నిలబడి, తల వంచింది.

తర్వాత జరిగింది మగ్గాల వీధిలో ఇప్పుడు పదిరకాలుగా చెప్పుకుంటున్నారు. ఆమె తల ఎత్తి చదవడం మొదలుపెట్టగానే ఎమ్మిగనూరులో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయంటారు. జనాజా మోసేవాళ్ల కాళ్లు కదల్లేదంటారు. తల్లి పేరును ఆమె పలికిన పలుకు ఆదోని దాకా వినిపించి, బసన్న కంప్యూటరు దానంతటదే ఆరిపోయిందని కూడా అంటారు.

బట్టల కొట్టులో చీర మడత పెడుతూ ఇదంతా విన్న ఇర్ఫానా తల ఎత్తకుండానే చెప్పింది: "మగ్గాలేం ఆగలేదు. పేరు కాడికొచ్చేసరికి నాకు గొంతు రాలేదు. ఆ పేరు సెప్పింది రామమ్మక్క."