సరే టీచరమ్మా

టీచరమ్మ పోయిన కబురు నాకు డబ్బాలుగా వచ్చింది. పొద్దున షాపు షట్టర్ ఎత్తి బల్ల తుడుస్తుంటే ఫోను మోగింది. ఆమె నంబరు నుంచి మెసేజి. నా ఫోనుకు తెలుగు రాదు. తెలుగులో ఏది వచ్చినా వరసగా చిన్న చిన్న ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి, అంతే. ఆమె లాప్‌టాప్ నా దగ్గరే రిపేరుకు ఉంది. దాని సంగతే అడుగుతున్నారనుకుని, ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో "సరే టీచరమ్మా, రేపు చూస్తా" అని కొట్టి పంపాను.

కాసేపటికి అదే నంబరు నుంచి ఆమె తమ్ముడు ఫోను చేశారు. "ఏమప్పా, అక్క పోయిందని నేను చెప్తే సరే అంటావే?" అన్నారు. కోపంగా కూడా అనలేదు, అర్థంకాక అడిగారు. షట్టర్ దించి, బాగలూరు బస్సెక్కి కూర్చున్నాక కూడా నా చెవులు వేడిగానే ఉన్నాయి.

ఆమె ఎవరో మీకు చెప్పాలి. బాగలూరు పక్క పల్లెలో బడి టీచరు. ఆ బడిలో తమిళం, తెలుగు, కన్నడం మూడు మీడియంలూ ఉంటాయి. తెలుగు పిల్లలు ఈమె పాలు. నాది హోసూరు, తమిళనాడులో కర్ణాటక సరిహద్దు ఊరు. కింద మా నాయన ఇనుప సామాన్ల కొట్టు, పైన నా కంప్యూటర్ రిపేరు షాపు. తొంభైల చివర్లో తెరిచాను. బడిలో నేనెప్పుడూ ఆమె దగ్గర చదువుకోలేదు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. కానీ బడిలో నేర్చుకున్నది తమిళం, ఇంగ్లీషు. అప్పట్లో తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. మా వైపు ఇదేమీ వింత కాదు. మా అక్క పెళ్లిపత్రిక తమిళంలో వేయిస్తే ఇదేమని అడిగిన చుట్టం ఒక్కరూ లేరు. నాకూ అందులో సిగ్గనిపించలేదు, టీచరమ్మ మా మెట్లెక్కి వచ్చేదాకా.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె చేతిలో వైరు బుట్ట ఉంది. పైన బటన్ రోజాలు, వాటి కింద పాత చీర ముక్కలో చుట్టిన లాప్‌టాప్. బెంగుళూరులో ఉద్యోగం చేసే మేనల్లుడు కొత్తది కొనుక్కుని పాతది ఆమెకు ఇచ్చాడు. ఇటుకంత మందం, పెద్ద బరువు.

"ఏమప్పా, కంప్యూటర్లకు వైద్యం చేసేది నువ్వేనా? దీంట్లో తెలుగు రాయాల. రాస్తే డబ్బాలు పడతా ఉండాయి."

"తెలుగెందుకు టీచరమ్మా? ఇంగ్లీషులో కొట్టుకోండి, ఏ తలనొప్పీ ఉండదు" అన్నాను. నా తెలివితేటలు చూపించుకున్నాననుకున్నాను.

"నా పిల్లోళ్ళు ఇంగ్లీషులో పరీక్ష రాస్తారా?" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ బడిలో తమిళ పిల్లలకు ప్రశ్నపత్రం అచ్చులో వస్తుందట. తెలుగు పిల్లలకు ఈమె చేత్తో రాసి, జిరాక్స్ తీయించి ఇస్తారు. క్వార్టర్లీ పరీక్షలో ఒక పిల్ల అడిగిందట, మన అక్షరాలు మిషన్‌కు రావా టీచర్ అని. "ఆ పిల్లకు నేను జవాబు చెప్పాలప్పా. అరసంవత్సరం పరీక్షకు కాయితం అచ్చులో ఇయ్యాల. నీ చేతనైతుందా, లేకుంటే ఇంగో షాపు చూసుకోనా?"

అవుతుందన్నాను. అయితే ఆ లాప్‌టాప్‌తో చిక్కొచ్చింది. అందులో ఉన్న పాత విండోస్‌కు తెలుగు రాదు. కొత్త విండోస్‌కు వస్తుంది, కానీ అది బరువైనది, ఆ ముసలి మిషన్ మోయలేదు. అయినా ఎక్కించి ఇచ్చాను. వారం తిరక్కుండానే బుట్టతో మళ్ళీ దిగారు. "నీ కొత్త విండోస్ లేచేలోపల నేను సంగటి గెలికి, తిని, చేయి కడుక్కొని వచ్చేస్తా ఉండా. ఇదేం నిద్రప్పా దీనికి?" అన్నారు. షాపులో ఉన్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం చురుక్కుమన్నా.

అప్పుడు నాకు లినక్స్ గుర్తొచ్చింది. అది ఉచితంగా దొరికే మరో రకం, విండోస్ బదులు వేసుకోవచ్చు. విండోస్ మీదే బతికేవాణ్ణి కాబట్టి, అది పనిలేని ఇంజనీర్ల పిచ్చి అనేవాణ్ణి అన్నాళ్ళూ. బెంగుళూరులో ఉన్న నా స్నేహితుడు ఒక సీడీ ఇచ్చాడు. తేలికగా నడుస్తుంది, మన దేశపు భాషలు చాలా ఉన్నాయి. సీడీ పెట్టగానే ఏ భాష కావాలని అడిగింది. ప్రతి భాష పేరూ దాని అక్షరాల్లోనే ఉంది. తమిళం గుర్తుపట్టాను. పైన గీత ఉన్నది హిందీ. గుండ్రటి అక్షరాలవి రెండు మిగిలాయి. రెండూ నాకు ఒకటిలాగే ఉన్నాయి. కళ్ళకు బాగా అలవాటైనదేదో అదే మనది అయి ఉంటుందని దాన్ని నొక్కాను. తెరంతా గుండ్రటి అక్షరాలు పరుచుకున్నాయి. వెంటనే ఫోను చేసి, "టీచరమ్మా, తెలుగు వచ్చేసింది. నేనే బడికి తెచ్చి చూపిస్తా" అన్నాను.

ఆమె పిల్లలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఉంచారు. హెడ్మాస్టరు కూడా వచ్చారు. లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, తెర పిల్లల వైపు తిప్పి, గొప్పగా చేయి చాపాను. పిల్లలు ముందుకు వంగి చూశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కిటికీ బయటి నుంచి కన్నడ మీడియం పిల్లలు తొంగి చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు "ఇదు నమ్దు కణో!" అని, అంటే ఇది మనదిరా అని, అరిచాడు. వెంటనే కిటికీ అవతల చప్పట్లు, ఈలలు.

నాకు ఇంకా అర్థం కాలేదు. టీచరమ్మ ముఖం చూశాక అయింది. పెరిగినన్నాళ్ళూ బెంగుళూరు బస్సుల మీద చూసి చూసి నా కళ్ళకు అలవాటైనవి కన్నడ అక్షరాలు. పుట్టినప్పటి నుంచి తెలుగు మాట్లాడుతూ, నా భాష ఏదో నాకు చూపిస్తే తెలియలేదు. హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నారు. నేల చీలితే బాగుండునని అంటారే, అది ఊరికే అనే మాట కాదని ఆ రోజు తెలిసింది.

టీచరమ్మ సుద్దముక్క తీసుకుని పిల్లల వైపు తిరిగారు. "చూసినారా? ఈ అన్న ముందు కన్నడం తెచ్చినాడు. ఎందుకో చెప్పండి. దీనికీ మనకీ ఏం తేడా ఉందో మీరే కనిపెట్టాల. తలకట్టు చూడండి, ఈడ ఎట్లుంది? మనది ఎట్లుంటుంది?" అన్నారు. పిల్లలు తెర దగ్గరికి దూకారు. తెలుగు తలకట్టు మనం సరి అని టిక్కు పెట్టినట్టు ఉంటుందని ఒక పిల్ల కనిపెట్టింది. కిటికీ దగ్గరి పిల్లల్ని కూడా లోపలికి పిలిచారు. అది నేను ముందే అనుకుని తెచ్చిన పాఠంలాగా గంటసేపు నడిపించేశారు. హెడ్మాస్టరు నా భుజం తట్టి, మంచి ఐడియా అని పోయారు. ఆ తట్టడం నాకు దెబ్బలాగే తగిలింది.

బస్టాపు దాకా ఆమె నాతో నడిచి వచ్చారు.

"నీకు చదివేదానికి రాదు కదప్పా?"

"రాదు టీచరమ్మా."

"అది ముందే చెప్పి ఉంటే ఏం పోయేది?"

"సిగ్గేసింది."

"రాకపోవడం సిగ్గు కాదప్పా. వచ్చినట్టు తల ఊపినావు చూడు, అది. ఇంగెప్పుడూ నా దగ్గర ఊపొద్దు. శనివారం వస్తా, పలక తెచ్చిపెట్టుకో."

నిజంగానే వచ్చారు. నేను పలక తెచ్చిపెట్టుకోలేదని తెలిసి, ఆమే బుట్టలో ఒకటి తెచ్చారు. షాపులో, విప్పిన మిషన్ల మధ్య, కస్టమర్లు చూస్తుండగా ముప్పై దాటిన నా చేత అ ఆలు దిద్దించారు. కింద నుంచి మా నాయన మెట్లెక్కి వచ్చి, కాసేపు నిలబడి చూసి దిగిపోయాడు. మరుసటి వారం ఆయన కూడా ఆ వేళకే ఏదో పని కల్పించుకుని పైకి రావడం మొదలుపెట్టాడు. ఆయనకూ చదవడం రాదు.

వత్తులకు నాకు నోరు తిరిగేది కాదు. "వత్తును మింగొద్దప్పా, అదేమన్నా సంగటి ముద్దా? పలుకు" అనేవారు. చదివేటప్పుడు అక్షరం కింద వేలు పెట్టి జరపాలి. వేలు తీస్తే ఒప్పుకునేవారు కాదు.

లినక్స్‌లో ఈసారి అసలు తెలుగే పెట్టి ఇచ్చాను. అరపరీక్ష కాయితం నేనే కొట్టాలని పట్టుబట్టారు. ప, వ, మ ఆ మూడూ నాకు అప్పటికింకా ఒకటిగానే కనిపించేవి. ఆమె సరిచూసేలోపల తొందరపడి అచ్చు తీసి పంపించేశాను. పద్యానికి భావం రాయమనే చోట, "కింది మద్యానికి భావం రాయండి" అని పడింది. పరీక్ష అయ్యాక ఫోను చేశారు. అవతల ఆమె నవ్వు ఆపుకోలేకపోతున్నారు. "ఆ ఒక్క ప్రశ్నా ఎవురూ వదల్లేదప్పా! ఒకడు వాళ్ళ మామ సంగతి పేజీ నిండా రాసినాడు." తర్వాత గొంతు తగ్గించి, "అచ్చు కాయితం ఇస్తే పిల్లోళ్ళు ముందు వాసన చూసినారు" అన్నారు.

ఆ లాప్‌టాప్‌కు ఆ తర్వాత రాని రోగం లేదు. మూత కీలు విరిగింది. ఛార్జర్ మాడింది. బాగా వేడెక్కి ఆగిపోయేది. విప్పితే లోపల ఫ్యాను రెక్కల్లో ఎండిన రోజా రేకులు, సుద్దపొడి. పూలబుట్టలో పెట్టి తేవద్దని ఎన్నిసార్లు చెప్పినా వినేవారు కాదు. "పూలు నీకు, మిషన్ నీకు. రెండు బుట్టలు నేను మోయాలా?" అనేవారు. మా షాపులో దేవుడి పటానికి ఆ పూలే వేసేవాళ్ళం. ఎంతమంది కొత్త మిషన్ కొనుక్కోమన్నా, మళ్ళీ విండోస్‌కు రమ్మన్నా ఆమె మారలేదు. "ఇది మా ఇద్దరికీ నేర్పిన మిషన్" అనేవారు. ఆ ఇద్దరిలో రెండోవాణ్ణి నేను.

ఇక్కడితో ఆపితే ఇది మంచి జ్ఞాపకమే అయ్యేది. కానీ ఈమధ్య ఆమె తెలుగు అక్షరాలున్న చిన్న ఫోను కొన్నారు. మొట్టమొదటి మెసేజి నాకే పంపారు. నాది అందరికీ చూపించుకోవాలని కొన్న ఖరీదైన ఫోను, అందులో డబ్బాలు పడ్డాయి. వెంటనే ఆమె ఫోను చేసి, "చదివినావా?" అని చిన్నపిల్లలాగా అడిగారు. అంత సంతోషంగా అడిగిన మనిషికి రాలేదని ఎట్లా చెప్పను? పైగా రిపేరు చేసేవాణ్ణి, నా ఫోనుకే తెలుగు రాదంటే నామోషీ. "చదివినాను టీచరమ్మా, బాగుంది" అన్నాను. ఊపొద్దన్న తలను మళ్ళీ ఊపాను.

అప్పటి నుంచి వచ్చిన ప్రతి డబ్బాల వరసకూ సరే అనే జవాబిచ్చాను. మా మెకానిక్ తెలుగులోనే చదువుతాడు తెలుసా అని ఆమె బడిలో అందరికీ చెప్పుకునేవారట. ఆ మాట వాళ్ళింట్లో, ఆమెను సాగనంపి వచ్చాక, ఆమె తమ్ముడే చెప్పారు. చెప్పి, ఆమె ఫోను నా చేతిలో పెట్టారు. అందులో అన్నీ ఉన్నాయి, తెలుగులో, దిద్దినట్టు తప్పు లేకుండా.

"ఫ్యానుకు తొందర లేదప్పా. నాకే ఊపిరి ఆడటంలేదు. ఒకసారి వచ్చిపో." దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో నా జవాబు: సరే టీచరమ్మా, పార్టు రావాల.

"పని ఉంటుందిలే. వీలు చూసుకొని రా." కింద నేను: సరే టీచరమ్మా.

ఆ కిందే ఆమె తమ్ముడు పంపిన కబురు. దాని కిందా నేనే.

నేను చదవలేదని ఆయనకు చెప్పాను. నా ఫోను తీసి డబ్బాలు చూపించాను. ఆయన ఫోను నా చేతికి తిరిగి ఇచ్చారు. "అక్క నీకోసం వాకిలి తట్టు చూస్తా ఉండె. నువ్వు సరే అన్నావు కదా అని" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

లాప్‌టాప్ బాగుచేశాను. ఫ్యాను మార్చాను. బడికే ఇవ్వమన్నారు, వచ్చే వారం తీసుకుపోతాను. పాత ఫ్యానులో ఇరుక్కున్న రోజా రేకు బల్ల మీదే ఉంది, ఊడ్చలేదు.

తెలుగు వచ్చే ఫోను కొనుక్కోమని మా వాళ్ళు అంటున్నారు. కొంటాను. కానీ ఈ పాతది పారేయలేను. ఆమె నన్ను రమ్మన్న ఆ మెసేజి ఇందులో ఇంకా డబ్బాలుగానే ఉంది. అందులో ఏముందో నాకిప్పుడు తెలుసు కాబట్టి, షాపులో ఎవరూ లేనప్పుడు తీసి, ఆమె నేర్పినట్టు ఒక్కో డబ్బా కింద వేలు పెట్టి పైకి చదువుతాను. ఒకసారి వచ్చిపో. అందులో వత్తు ఉంది. మింగకుండా పలుకుతున్నాను.