పాసైన చక్కెర పరీక్ష

కరోనాకు రెండేళ్ళ ముందు, ఏప్రిల్ నెలలో, నన్ను తమిళనాడులో ఆర్.కె.పేటకు దగ్గరున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గ్రామ ఆరోగ్య నర్సుగా బదిలీ చేశారు. నా కింద నాలుగు ఊళ్ళు. అన్నీ మనవాళ్ళ ఊళ్ళే. మాట్లాడేది తెలుగు, చదివేది అరవం. గర్భిణుల పేర్లు నమోదు చెయ్యడం, బరువు, రక్తపోటు చూడడం, వేళకు పరీక్షలు చేయించడం, కాన్పయ్యేదాకా వెంటపడడం నా పని. అప్పటికే ఇరవై ఏళ్ళు దాటిన సర్వీసు. ఎవరు మాత్ర మింగారో, ఎవరు కొంగులో దాచారో ముఖం చూసి చెప్పగలనని నాకు గర్వంగా ఉండేది.

ఆ ఏడు నమోదైనవాళ్ళలో రేవతి ఒకతె. ఇరవై ఆరేళ్ళ పిల్ల. నెలసరి సరిగా రాక, అండాశయాల్లో నీటి బుడగలున్నాయని నాలుగేళ్ళు హార్మోను మాత్రలు వాడితే నిలిచిన కడుపు. మూడో నెలలోనే ఎనభై నాలుగు కిలోలు తూగింది. ఎత్తు ఐదడుగులే. అంత బరువుంటే కార్డు మీద ఎర్ర ముద్ర వెయ్యాలి, అంటే ప్రమాదం పొంచి ఉన్న కాన్పని అర్థం. ముద్ర వేస్తుంటే ఆమె అత్త మునెమ్మ ముఖం చిన్నబోయింది.

ఎందుకు ప్రమాదమో చెప్తాను. కడుపులో బిడ్డతోపాటు మాయ పెరిగేకొద్దీ అందులో ఊరే హార్మోన్లు తల్లి ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. ఇది ప్రతి గర్భిణికీ ఉన్నదే, మామూలుగా ఒళ్ళు ఇంకాస్త ఇన్సులిన్ చేసుకుని సర్దుకుంటుంది. బరువు బాగా ఎక్కువైనవాళ్ళకు, రేవతిలా ముందే హార్మోన్లు గతి తప్పినవాళ్ళకు ఒక్కోసారి ఆ సర్దుబాటు చాలదు. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు పోతుంది, తల్లి ఇన్సులిన్ దాటదు. బిడ్డే తన ఇన్సులిన్ అతిగా చేసుకుని, కొవ్వు పట్టి, భుజాలు వెడల్పై పెరుగుతుంది. బొడ్డు కోశాక తల్లి ఇచ్చే చక్కెర ఆగిపోతుంది కానీ బిడ్డ ఇన్సులిన్ వెంటనే తగ్గదు. అప్పుడు బిడ్డ రక్తంలో చక్కెర ప్రాణం మీదికి వచ్చేంత పడిపోవచ్చు.

అందుకే డెబ్బై ఐదు గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటలకు రక్తం చూస్తాం. నూట నలభై లోపుండాలి. మొదటిసారి రేవతికి లోపే వచ్చింది. హార్మోన్లు పుంజుకునే ఆరో నెలలో చేసేదే అసలు పరీక్ష. తాగడం అయ్యేదాకా నర్సు ఎదురుగా ఉండాలి. రేవతికి ఆ పరీక్ష పెట్టిన రోజు టీకాల రోజు కూడా. గ్లాసు రేవతి చేతికిచ్చి, మునెమ్మను పక్కన కూర్చోబెట్టి, కంప్యూటర్లో పేర్లు ఎక్కించడానికి లోపలికి పోయాను. తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీ. రెండు గంటలకు నూట పద్దెనిమిది వచ్చింది. పాసైనట్టేనా అని మునెమ్మ అడిగింది. పాసైందని నేనే అన్నాను.

శ్రీమంతం చేసి రేవతిని తిరుత్తణి పక్కనున్న పుట్టింటికి పంపారు. ఎనిమిదో నెలలో మళ్ళీ చెయ్యాల్సిన పరీక్షను అక్కడి నర్సు కార్డులో నేను రాసింది చూసి వదిలేసింది. నొప్పులు ముదిరాక తీసుకొచ్చారు, పెద్దాసుపత్రికి పంపే వ్యవధి లేదు. ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలోనే తల బయటికొచ్చి భుజాలు ఇరుక్కున్నాయి. తొడలు పొట్టకేసి నొక్కిపట్టి, పద్ధతి ప్రకారమే బయటికి తీశారు. మగబిడ్డ, నాలుగు కిలోల నాలుగువందలు. కుడి చెయ్యి వేలాడిపోయింది. గంటలోపే వణుకు, తర్వాత ఫిట్సు. తిరువళ్ళూరుకు తరలించారు. మూడో రోజు పొద్దున బిడ్డ పోయాడు.

పసిబిడ్డ చనిపోతే తల్లి పేరు నమోదైన ఊరి నర్సు ఇంటికి వెళ్ళి విచారణ ఫారం నింపాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. తొమ్మిదో రోజు వెళ్ళాను. అత్తింటికే తీసుకొచ్చిన రేవతి గోడవైపు తిరిగి పడుకునుంది. పాలు గడ్డకట్టి ఒళ్ళు కాలిపోతోంది, ఎవరూ చూడలేదు. డాక్టరుకు ఫోన్ చేసి, ఆ సంగతి చూశాకే ఫారం తీశాను. చక్కెర పరీక్ష దగ్గరికి రాగానే మునెమ్మ నోరు విప్పింది.

"సగం నేనే కిటికీలోనుంచి పారబోసినా నర్సమ్మా. పెద్దకోడలు ఈ పరీక్షలో ఫెయిలైందని దినామూ ఇన్సులిన్ ఊసి ఏసినారు, తిరువళ్ళూరికి తోలినారు, కడుపు కోసినారు. ఎందుకని ఒగరూ చెప్పలే. ఈ పిల్లకన్నా ఆ కష్టం లేకుండా పోనీ అని చేసినా."

రేవతి తిరగకుండానే, "నేను తాగతాననే అంటిని అక్కా," అంది.

ఆ కాన్పులో పుట్టిన పెద్దకోడలి కూతురు, నాలుగేళ్ళది, వాకిట్లో కూర్చుని చెనక్కాయలు ఒలుచుకుంటోంది. నేను ఆ పాపకేసి చూశాను. నా చూపు వెంటే మునెమ్మా చూసింది. ఆమెకు అప్పుడు అర్థమైంది.

కుటుంబం గ్లూకోజు నీళ్ళు పారబోసిందని మాత్రమే రాస్తే నా తప్పు కప్పబడిపోయేది. తాగేటప్పుడు నర్సు ఎదురుగా లేదని కూడా రాసి సంతకం పెట్టాను. ఆ వాక్యం లేకపోయినా ఎవరూ అడిగేవారు కాదని మెడికల్ ఆఫీసరు అన్నారు. మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చుకున్నాను.

రిటైరయ్యేదాకా గ్లూకోజు తాగే ప్రతి మనిషి ఎదుటా కూర్చున్నాను. అయితే నేర్చుకున్నదాంట్లో అది సగమే. పెద్దకోడలి కాన్పునాటి నర్సు నేను కాదు. నేనైనా ఆమెలాగే సూది వేసి, సంతకం తీసుకుని, అంబులెన్సు ఎక్కించి ఉండేదాన్ని. ఆ సూదీ ఆ కోతా బిడ్డను కాపాడడానికేనని మునెమ్మకు చెప్పడానికి మాలో ఎవరికీ అరగంట దొరకలేదు. ఎందుకో చెప్పకుండా చేసిన వైద్యం శిక్షలాగే కనబడుతుంది. శిక్ష నుంచి కోడలిని తప్పించాలనే ఆమె చూసింది.