హార్డ్లీ చదివిన పిల్ల

మొన్న పొద్దున సోమాజిగూడలో ఒక ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోన్లో మెసేజి కొడుతున్నాను. మా చిన్నాయనకు మోకాలి ఆపరేషన్ అయింది, అంతా బాగానే జరిగిందని నా పాత దోస్తుకు చెప్పాలి. "చిన్నాయన ఇప్పుడు" అని రాశానో లేదో, కీబోర్డు పైన మూడు మాటలు వరసగా వచ్చి నిలబడ్డాయి. ఎక్కడ, ఎలా, లేరు. మూడోది చూసి నాకు ఒళ్లు మండింది. నా మాట నేను పూర్తి చేసుకునేలోపు దీనికేం తొందర? నాకు తెలియకుండానే ఎడమచేతి బొటనవేలు వెళ్లి ఆ మూడింటి మీద అడ్డంగా పడింది. అవి కనపడకుండా మూసేశాక "మంచిగున్నడు" అని నా మాట నేనే రాసి పంపించాను. తర్వాత ఆ వేలు వైపు చూసుకుని నవ్వొచ్చింది. దానికి ఇంకా అమీర్‌పేట గుర్తుంది.

అవి అమీర్‌పేట గోడల మీద సున్నం కనపడకుండా సాఫ్ట్‌వేర్ కోర్సుల కాగితాలు అంటించిన రోజులు. కంప్యూటర్ ముట్టుకున్నవాడల్లా ఉద్యోగస్తుడవుతాడని ఊళ్లల్లో అందరూ నమ్ముతున్న కాలం. మెదక్ దగ్గర మా ఊరికి కూడా ఆ గాలి సోకింది. డిగ్రీ కాగానే నేను ఎం.సి.ఎ. ప్రవేశ పరీక్ష రాస్తే లెక్కలు గట్టెక్కించాయి, ఇంగ్లీషు ముంచింది. వాక్యంలో ఖాళీ ఇచ్చి, కింద నాలుగు మాటలిచ్చి, సరైనది పెట్టమనే ప్రశ్నలు వరసగా ఉండేవి. తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని, ఆ నాలుగు మాటల్లో ఏది చూసినా అదే సరైనదనిపించేది. సీటు రాలేదు. ఊళ్లో ఒక ప్రైవేటు బళ్లో మూడో తరగతికి టీచరుగా చేరాను. ఏడాది తిరిగేసరికి నాన్న, "ఇంకొక్కసారి రాయి బిడ్డా. రాకపోతే బడి ఉండనే ఉంది" అన్నాడు. ఆయన ధైర్యం చెప్పడానికే అన్నాడు గానీ, ఆ రెండో ముక్క నా గుండెల్లో రాయిలా కూర్చుంది. పిల్లలంటే నాకు ఇష్టమే. కానీ అదే గదిలో, అదే బల్ల దగ్గర, అవే ఎక్కాలు వల్లె వేయిస్తూ జుట్టు నెరిసిన నన్ను నేను కళ్లారా చూసినట్టుండేది. ఈసారి సీటు రాకపోతే జూన్‌లో ఆ బల్ల దగ్గరికే వెళ్లాలి.

అలా ఎర్రమంజిల్‌లో చిన్నాయన వాళ్ల క్వార్టర్స్‌కు చేరాను. చిన్నాయన అక్కడే ఒక ఆఫీసులో టైపిస్టు. మా ఇంటిమొత్తానికి ఇంగ్లీషు వచ్చిన మనిషి ఆయనొక్కడే. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడల్లా సాయంత్రంపూట మెట్ల మీద కూర్చోబెట్టి నాకు ఇంగ్లీషు చెప్పేవాడు. నాకున్న ఇంగ్లీషంతా ఆయన పెట్టిన భిక్షే. ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన మాట హార్డ్లీ. హార్డ్ అంటే కష్టం, హార్డ్లీ అంటే కష్టపడి అని ఆయన లెక్క. ఎవరినైనా మెచ్చుకోవాలంటే "హార్డ్లీ వర్కింగ్ మ్యాన్" అనేవాడు. చిన్నమ్మ అప్పడాలు ఒత్తినా హార్డ్లీయే, పక్కింటాయన స్కూటర్ తుడిచినా హార్డ్లీయే. ఒకసారి తన ఆఫీసరు ముందు నిలబడి, "సార్, ఐయామ్ హార్డ్లీ వర్కింగ్ ఫర్ దిస్ ఆఫీస్" అన్నాడట. "గప్పుడు ఆఫీసర్ ఏమన్నడో ఎర్కనా? 'ఐ నో' అన్నడు!" అని ఆ సంగతి మాకు ఎంతో సంబరంగా చెప్పేవాడు. మేమందరం కూడా సంబరపడేవాళ్లం.

కోచింగ్ అమీర్‌పేటలో. పొద్దున పంజాగుట్ట చౌరస్తా దాకా వచ్చి, అక్కడినుంచి నడిచి వెళ్లేదాన్ని. సందులోకి తిరగ్గానే జిరాక్సు మిషన్ల వేడి వాసన, దాని పక్కనే మిర్చిబజ్జీల నూనె వాసన, రెండూ కలిసి కడుపులోకి దిగేవి. పాంఫ్లెట్లు పంచేవాళ్లు చేతుల్లో కుక్కేవాళ్లు. జావా కావాలా, ఒరాకిల్ కావాలా అని వెంటపడి అడిగేవాళ్లు. మా ఇంగ్లీషు సారు కోనసీమ మనిషి. తెల్లచొక్కా, చంకలో గొడుగు, వాన లేకపోయినా సరే. ఆడపిల్లలనీ మగపిల్లలనీ లేకుండా అందర్నీ గారు అనేవాడు. మొదటి రోజే బల్ల మీద పుస్తకం తెరిపించి, "చెయ్యి అడ్డం పెట్టండి" అన్నాడు. ఎక్కడ పెట్టాలో అర్థంకాక ఒకడు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "నోటికి కాదండీ, ఆ నాలుగు ఆప్షన్లకి! బయట చూశారుగా, జావా, ఒరాకిల్ అని మీద పడిపోతున్నారు. మనకేం కావాలో తెలీకుండా వాళ్ల మొహం చూస్తే అయిపోయామంతే. ముందు ఖాళీలో మీ సొంత మాట పెట్టుకోండి. తెలుగైనా పర్లేదు. అప్పుడు చెయ్యి తియ్యండి." ఆ మాటకు నాకు సగం ప్రాణం లేచివచ్చింది. ఇంగ్లీషు పరీక్షలో తెలుగు మాట పెట్టుకోవచ్చని అంతవరకు ఎవరూ చెప్పలేదు.

నా పక్కన కూర్చునే అమ్మాయి పంజాగుట్టలో ఒక దర్జీ కూతురు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట మన తెలుగు, కోపమొస్తే రెండూ. మొన్న ఆసుపత్రి వరండాలోంచి నేను మెసేజి పంపింది ఈమెకే. వాక్యం ఎటు తిరుగుతుందో చెప్పే మాటల్ని ముందు పట్టుకోవాలని సారు పాఠం చెప్పిన రోజున, బట్, ఆల్‌దో, డిస్పైట్ అని ఆయన బోర్డు మీద వరసగా రాస్తుంటే ఈ పిల్ల గట్టిగా, "సార్, ఇవన్ని లేకిన్‌లే కదా! లేకిన్ వచ్చిందంటే ఉల్టా చెయ్యాలె, గంతే" అంది. క్లాసంతా గొల్లుమంది. సారు మాత్రం చాక్‌పీసు పట్టుకుని బోర్డు పైన పెద్ద అక్షరాలతో "లేకిను" అని రాశాడు. ఆ పక్కనే, బికాజ్, దేర్‌ఫోర్ వగైరా "అందుకని" జాతి మాటలకు "ఇస్లియే" అని మరో గది గీశాడు. ఆనాటి నుంచి మా క్లాసులో ఇంగ్లీషు వాక్యాలన్నీ ఆ రెండు కుటుంబాల్లో ఏదో ఒకదాంట్లో పుట్టాయి. సారు కోనసీమ యాసలో "లేకిను వచ్చిందండీ, తిప్పండి బండి" అంటుంటే వినడానికే మేం ముందు బెంచీకి పోటీపడేవాళ్లం.

ఆయన దగ్గర ఇంకో కిటుకు ఉండేది. ఖాళీలో పడే మాట తెలియకపోయినా అది మంచిదో చెడ్డదో వాక్యమే చెబుతుంది, మంచిదైతే ప్లస్, చెడ్డదైతే మైనస్ పెట్టుకోమనేవాడు. అది మాకు ఎంత పట్టుకుందంటే, నేనూ నా దోస్తూ మనుషులకు కూడా పెట్టడం మొదలుపెట్టాం. బస్సు కండక్టరు మొహం మైనస్, టీకొట్టు భాయ్ ప్లస్, వంకాయ కూర చేసిన రోజున చిన్నమ్మ అన్నం పిలుపు మైనస్. అలా నెలలు గడిచాయి. మాదిరి పరీక్షల్లో నా మార్కులు కొద్దికొద్దిగా పైకి జరిగాయి. రాత్రిళ్లు బడి బల్ల కల్లోకి రావడం తగ్గింది.

సరిగ్గా అప్పుడే ఆ వాక్యం వచ్చింది. "ఆల్‌దో హి హార్డ్లీ స్టడీడ్, హి డ్యాష్ ది ఎగ్జామ్." నాకు ఇది వడ్డించిన విస్తరే. చెయ్యి అడ్డం పెట్టాను. లేకిన్ ఉంది, కాబట్టి ఉల్టా. పాపం కష్టపడి చదివాడు, లేకిన్ ఫెయిలయ్యాడు. మైనస్. చెయ్యి తీసి చూస్తే ఫెయిల్డ్ అనే మాట ఎదురుగా ఉంది. నిశ్చింతగా గుర్తు పెట్టాను. సారు దిద్దిన కాగితంలో దానికి ఇంటూ పడింది. నాకే కాదు, నా దోస్తుకు, వెనక బెంచీలవాళ్లకు, దాదాపు అందరికీ పడింది. సారు గొడుగు బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. "కిటుకులన్నీ కరెక్టుగా చేసి తప్పు రాశారు కదండీ! హార్డ్లీ అంటే ఏంటి?" అని అడిగాడు. "కష్టపడి, సార్" అని క్లాసంతా ఒక్క గొంతుతో అన్నాం. ఆయన తల పట్టుకుని, "హార్డ్ అంటే కష్టమేనండీ. హార్డ్లీ అంటే కష్టమే లేదు. చదివాడంటే చదివాడు, లేదంటే లేదు, అంతంతమాత్రం. అలా చదివి కూడా పాసయ్యాడు మహానుభావుడు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం కాళ్లకింద నేల కదిలింది. ఖాళీలో నా సొంత మాట పెట్టుకోమన్నారు, బాగుంది. ఆ సొంత మాటే తప్పయితే? నా ఇంగ్లీషంతా చిన్నాయన మెట్ల మీద నేర్చుకున్నదే. అందులో ఇంకెన్ని హార్డ్లీలు ఉన్నాయో, పరీక్షలో ఎక్కడ బయటపడతాయో ఎవరికి తెలుసు?

ఆ సాయంత్రం నడిచి వస్తుంటే నా దోస్తు నా మొహం చూసి, "ఏందే, మైనస్ పెట్టినవ్?" అంది. సంగతి చెప్పాను. చిన్నాయన ఆఫీసరు కథ కూడా చెప్పాను. పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ దగ్గరే పొట్ట పట్టుకుని నవ్వింది. "అరె, ఐ నో అన్నడా! తోబా!" అని కళ్లు తుడుచుకుని, తర్వాత నెమ్మదిగా అంది. "ఫికర్ చెయ్యకు. మా అబ్బా సుత గంతే. తప్పు కుట్టు పడితే మొత్తం కుర్తా పారెయ్యడు. గా ఒక్క కుట్టే ఇప్పుతడు." ఇంటికి వెళ్లేసరికి చిన్నాయన మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే పక్కింటాయనతో, "మా బిడ్డ మస్తు హార్డ్లీ చదువుతున్నది" అన్నాడు, ఛాతీ విరుచుకుని. ఆయన మొహంలో ఉన్న ఆ ప్లస్‌ను చెరిపే ధైర్యం నాకు అప్పుడూ లేదు, తర్వాతా రాలేదు. నాలో ఉన్న కుట్టు మాత్రం ఇప్పుకున్నాను.

పరీక్ష రోజు చిన్నాయనే స్కూటర్ మీద దింపాడు. గేటు దగ్గర తల మీద చెయ్యి పెట్టి, "జర నిమ్మళంగ, హార్డ్లీ రాయి బిడ్డా" అని దీవించాడు. లెక్కలు అయ్యాయి. ఇంగ్లీషుకు వచ్చాను. చెయ్యి అడ్డం పెట్టుకుంటూ, లేకిన్‌లూ ఇస్లియేలూ ఏరుకుంటూ వస్తుంటే, "బికాజ్ ది విట్నెస్ కుడ్ హార్డ్లీ సీ, ది జడ్జ్ డ్యాష్ హిజ్ వర్డ్స్" అని కనపడింది. సాక్షి కళ్లు చించుకుని చూశాడు, ఇస్లియే జడ్జి నమ్మాడు, ప్లస్ అని చిన్నాయన గొంతు లోపల్నుంచి గబగబా చెప్పేసింది. నేను ఆ గొంతును ప్రేమగా పక్కన కూర్చోబెట్టాను. సాక్షికి కళ్లు కనపడీ కనపడనట్టున్నాయి, ఇస్లియే జడ్జి నమ్మలేదు. మైనస్. చెయ్యి తీశాను. రిజెక్టెడ్ అనే మాట నాకోసమే కాచుకుని కూర్చున్నట్టుంది. హాల్లోనే పైకి నవ్వాను. పర్యవేక్షకురాలు కళ్లురిమింది. ఆమె కూడా ఆ క్షణాన నాకు ప్లస్సే.

ఫలితాలు అమీర్‌పేటలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో చూశాం. పేజీ పైనుంచి కిందికి గీత గీతగా దిగుతుంటే నా దోస్తు నా చెయ్యి నలిపేసింది. ఇద్దరికీ మంచి ర్యాంకులే వచ్చాయి. నాకు సంతోషం తర్వాతెప్పుడో వచ్చింది. ముందుగా వచ్చింది మాత్రం ఊపిరి. ఏడాదిపాటు బిగబట్టినదంతా ఒక్కసారిగా బయటికొచ్చి, ఆ ప్లాస్టిక్ కుర్చీలో ఒళ్లంతా వదులైపోయింది. ఆ మూడో తరగతి బల్ల దగ్గర ఇక వేరెవరో కూర్చుంటారు, ఆమెకు ఆ గది నచ్చుగాక అనుకున్నాను. చిన్నాయన మిఠాయి డబ్బాతో ఆఫీసంతా తిరిగి వచ్చి, కొంచెం అయోమయంగా చిన్నమ్మతో చెప్పాడు. "మా బిడ్డ హార్డ్లీ స్టడీడ్ సార్, సీటొచ్చింది అన్న. 'చదవకుండనే వచ్చిందా? మస్తు తెలివిగల పిల్ల' అన్నడు ఆఫీసర్. ఆయనకు ఇంగ్లీషు జర కమ్మి ఉన్నట్టుంది." నేను వంటింట్లోకి పారిపోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇదంతా తలుచుకుంటూ ఉండగానే డాక్టరు వచ్చాడు, కుర్రవాడు. ఆయన వెంట నేనూ గదిలోకి వెళ్లాను. చిన్నాయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముందురోజు వాకర్ పట్టుకుని, పళ్లు బిగించి, మంచం నుంచి తలుపు దాకా వెళ్లి వచ్చాడు. చెమట తుడిచింది నేనే. డాక్టరును చూడగానే గొంతు సవరించుకుని, "డాక్టర్, ఎస్టర్‌డే ఐ హార్డ్లీ వాక్డ్" అన్నాడు, ఛాతీ విరుచుకుని. డాక్టరు మొహం వెంటనే మైనస్‌లోకి దిగిపోయింది. "నడవలేదా? నొప్పి ఎక్కువుందా?" అని గబగబా కేస్ షీటు అందుకోబోయాడు. "లేకిన్ నడిచిండు డాక్టర్, తలుపు దాకా" అన్నాను. డాక్టరు ఊపిరి పీల్చుకుని నవ్వాడు. చిన్నాయన, "గదే కదా నేను సుత చెప్పింది" అన్నట్టు నా వైపు చూశాడు. నిజమే, అదే చెప్పాడు. నడిచీ నడవనట్టు నడిచాడు, ఎంతో కష్టపడీ నడిచాడు. ఆ మాటను సరిదిద్దే ధైర్యం నాకు ఎన్నడూ లేకపోయింది గానీ, ఇన్నేళ్లు ఆయన వెంటే మెల్లగా నడిచివచ్చి కాలమే దాన్ని ఒప్పు చేసింది.